మాట తప్పడం, మోసగించడం: నేరం ఎక్కడ మొదలవుతుంది?

స్థలం కొనడానికి చెరో ఇరవై లక్షలు బయానా ఇచ్చి పోగొట్టుకున్న ఇద్దరు వ్యక్తులు ఒకే రోజు పోలీసు స్టేషను మెట్లెక్కారనుకుందాం. ఇద్దరికీ రిజిస్ట్రేషన్ జరగలేదు, ఇద్దరికీ డబ్బు తిరిగి రాలేదు, ఇద్దరి చేతిలోనూ స్టాంపు కాగితం మీద రాసుకున్న అగ్రిమెంటు ఉంది. అయినా చట్టం ఒకరి ఫిర్యాదు మీద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమంటుంది, రెండోవారిని సివిల్ కోర్టుకు వెళ్లమంటుంది. ఎందుకంటే మొదటి అమ్మకందారు ఆ స్థలాన్ని ఆరు నెలల కిందటే వేరొకరికి రిజిస్టర్ చేసి ఇచ్చి, ఆ సంగతి దాచిపెట్టి బయానా పుచ్చుకున్నాడు. రెండో అమ్మకందారు నిజంగా అమ్ముదామనే పుచ్చుకున్నాడు, ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ధరలు పెరగడం చూసి మాట మార్చాడు. ఇద్దరూ తప్పు చేసినవాళ్లే, కానీ నేరం చేసినవాడు మొదటివాడు ఒక్కడే.

ఈ తేడా డబ్బు పోయినవారికి అన్యాయంగా కనిపించడం సహజం. పోయిన సొమ్ము విలువ ఇద్దరికీ సమానమే, ఇంట్లో ఆగిపోయిన పెళ్లో చదువో కూడా సమానమే. కానీ క్రిమినల్ చట్టం నష్టాన్ని కొలిచి నేరాన్ని నిర్ణయించదు. డబ్బు చేతులు మారిన క్షణంలో పుచ్చుకున్నవాడి మనసులో ఏముంది, అతడికి అప్పటికి ఏం తెలుసు, తెలిసినదాన్ని దాచి ఏం చెప్పాడు అన్నదే అది అడిగే ప్రశ్న. మోసం కేసుల్లో జరిగే గందరగోళం చాలావరకు ఈ ప్రశ్నను వదిలేసి వేరే ప్రశ్నలు వేసుకోవడం వల్లనే పుడుతోందని నా అభిప్రాయం.

ముందుగా చట్టం మాటలు చూద్దాం. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 415వ సెక్షన్ మోసాన్ని నిర్వచించేది, జనం నోట తిట్టుగా మారిపోయిన 420వ సెక్షన్ అందులో తీవ్రమైన రకానికి శిక్ష విధించేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవన్నీ 318వ సెక్షన్ కిందికి చేరాయి. నిర్వచనం దాదాపు మారలేదు. మామూలు మోసానికి గరిష్ఠ శిక్షను ఏడాది నుంచి మూడేళ్లకు పెంచారు. ఎవరి ప్రయోజనాలను కాపాడాల్సిన బాధ్యత తనపై ఉందో వారినే మోసగిస్తే ఐదేళ్ల వరకు, మోసంతో ఆస్తిని రాబట్టుకుంటే మునుపటిలాగే ఏడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. ఆ తేదీకి ముందు జరిగిన మోసాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కనుక కోర్టుల్లో ఇంకా చాలా ఏళ్లపాటు 420 అనే అంకె వినిపిస్తూనే ఉంటుంది.

ఆ నిర్వచనంలో రెండు దారులున్నాయి. ఒక వ్యక్తిని అబద్ధంతో నమ్మించి, ఆ నమ్మకం కారణంగా అతడు తన ఆస్తిని ఎవరికైనా అప్పగించేలా కపటంతోనో దురుద్దేశంతోనో పురికొల్పడం మొదటిది. అబద్ధంతో నమ్మించి, ఆ నమ్మకం లేకపోతే చేయని పనిని బుద్ధిపూర్వకంగా అతడి చేత చేయించడం, దాని వల్ల అతడి శరీరానికో మనసుకో పరువుకో ఆస్తికో హాని కలగడం లేదా కలిగే అవకాశం ఉండడం రెండోది. వైద్యం చదవని మనిషి తాను డాక్టరునని నమ్మించి ఆపరేషన్‌కు ఒప్పిస్తే, పైసా తీసుకోకపోయినా రెండో దారిలో దొరికిపోతాడు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక వివాహ వివాదంలో 2000లో సుప్రీంకోర్టు ఈ రెండు భాగాలను విడదీసి చూపించింది. అయితే మనం నిత్యం వినే కేసులన్నీ డబ్బుకూ స్థలానికీ సంబంధించినవే కాబట్టి మొదటి దారి మీదే ఎక్కువసేపు నిలబడాలి.

అబద్ధం ఒక్కటే ఉంటే నేరం కాదనడానికి 1962 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కారు కేసు కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఢిల్లీలో ఒక మహిళ సొంత డబ్బుతో ఆస్టిన్ కారు కొని, దాన్ని ఆరు నెలల వయసున్న తన కూతురి పేరు మీద పెట్టారు. యాజమాన్య బదిలీ పత్రాల నుంచి బీమా దరఖాస్తు దాకా, తర్వాత ప్రమాదాలు జరిగినప్పుడు పరిహారం కోసం పెట్టుకున్న అర్జీల దాకా అన్నింటి మీదా ఆ పసిబిడ్డ పేరుతోనే సంతకాలు చేశారు. ఫోర్జరీ కింద హైకోర్టు ఆమెను దోషిగా నిర్ధారించింది. రాజమహేంద్రవరంలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ కోకా సుబ్బారావు ఆ తీర్పును తిరగరాశారు. ఆమె తన పేరు గురించి బీమా కంపెనీని నమ్మించిన మాట నిజమే. కానీ ఆ అబద్ధం వల్ల ఆమెకు దక్కిన అదనపు లాభమేమీ లేదు, సొంత పేరుతో సంతకం చేసి ఉన్నా కంపెనీ అదే పరిహారం చెల్లించేది, అంటే కంపెనీకి కలిగిన నష్టమూ లేదు. చట్టం దృష్టిలో కపటం అనిపించుకోవాలంటే వంచన ఒక్కటే చాలదని, వంచనకు గురైనవారికి హాని కూడా ఉండాలని, ఆ హాని డబ్బు రూపంలోనే ఉండనక్కర లేదని ఆయన రాశారు. అరవై ఏళ్లు దాటినా న్యాయవాదులు ఈ తీర్పును ఉటంకిస్తూనే ఉన్నారు.

దీనికి ఎదురుగా ఉన్న పొరపాటు అభిప్రాయం కూడా ఒకటుంది. తాను ఒక్క రూపాయి కూడా తినలేదు కాబట్టి తనది మోసం కాదని వాదించేవారున్నారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు కంపెనీ బోర్డుకు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనివేనని ఒప్పుకుంటూనే, పెంచి చూపిన ఆ లెక్కల వల్ల తాము వ్యక్తిగతంగా లాభపడలేదని చెప్పుకొచ్చారు. చట్టంలో దురుద్దేశానికి ఇచ్చిన నిర్వచనం ఒకరికి అన్యాయమైన లాభం గానీ, మరొకరికి అన్యాయమైన నష్టం గానీ కలిగించాలనే ఉద్దేశం అని ఉంటుంది, రెండూ కలిసి ఉండాలని ఎక్కడా లేదు. పైగా ఆ లాభం నిందితుడికే దక్కాలని కూడా లేదు. ఆ లెక్కలు నిజమని నమ్మి వేలాది మంది షేర్లు కొన్నారు, కొన్నవాటిని అమ్మకుండా ఉంచుకున్నారు, లేఖ బయటపడిన రోజే వాటి విలువ కుప్పకూలింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో సహా పదిమందిని మోసం, కుట్ర తదితర నేరాల కింద దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలు శిక్ష విధించింది. అప్పీలులో ఆ శిక్షల అమలును దాదాపు నెల రోజులకే నిలిపివేశారు.

రాబట్టుకున్న ఆస్తికి బజారులో ధర ఉండాలనీ లేదు. పట్నా విశ్వవిద్యాలయం ఎం.ఏ. పరీక్షకు ప్రైవేటుగా కూర్చోవడానికి ఒక వ్యక్తి తాను పట్టభద్రుడినని, బడిలో ఉపాధ్యాయుడినని అబద్ధపు ధ్రువపత్రాలు జతచేసి దరఖాస్తు చేశాడు. హాల్‌టికెట్ అతడి చేతికి అందేలోపే నిజం బయటపడింది. హాల్‌టికెట్‌కు విలువేముంది, అది ఆస్తి ఎలా అవుతుంది అన్న వాదనను 1961లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ కాగితం ఆ అభ్యర్థికి ఎంతో విలువైనదే. అది చేతికి రాలేదు కాబట్టి నేరం పూర్తికాలేదు, కానీ దరఖాస్తు పంపినప్పుడే ప్రయత్నం మొదలైపోయింది కనుక మోసానికి ప్రయత్నించిన నేరం కింద శిక్ష నిలిచింది.

ఇక అసలు చిక్కుముడి కాలానికి సంబంధించినది. శిక్షాస్మృతి రాసినవారు 415వ సెక్షన్ కింద కొన్ని ఉదాహరణలు చేర్చారు. అందులో ఒకటి ఆ కాలపు వ్యాపారానికి తగ్గట్టు నీలిమందు మొక్కల గురించి ఉంటుంది. నీలిమొక్కలు సరఫరా చేసే ఉద్దేశమే లేకుండా, చేస్తానని నమ్మించి అడ్వాన్సు తీసుకున్నవాడు మోసగాడు. అడ్వాన్సు తీసుకునే సమయంలో సరఫరా చేయాలనే అనుకుని, ఆ తర్వాత ఒప్పందాన్ని ఉల్లంఘించినవాడు మోసగాడు కాడు, అతడి మీద సివిల్ దావా మాత్రమే నడుస్తుంది. నీలిమందు వ్యాపారం పోయి వందేళ్లయినా, మన దేశంలో బయానా, ప్రోనోటు, సప్లై ఆర్డరు, జాయింటు వెంచరు వివాదాలన్నీ ఈ రెండు వాక్యాల మధ్యే నలుగుతున్నాయి. ఒప్పంద ఉల్లంఘనకూ మోసానికీ మధ్య గీత చాలా సన్ననిదని, పురికొల్పిన సమయంలో ఉన్న ఉద్దేశమే దాన్ని నిర్ణయిస్తుందని, తర్వాతి ప్రవర్తన ఆ ఉద్దేశాన్ని తెలుసుకోవడానికి ఒక ఆధారమే తప్ప ఏకైక ఆధారం కాదని 2000లో బిహార్ భూమి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పు తీర్చలేకపోవడం దానంతటదే మోసం కాదని 2019లో మరోసారి గుర్తుచేసింది.

తెలుగు నేల మీద ఇంతకంటే పదునైన ఉదాహరణ ‘ఐపీ పెట్టడం’. పొగాకు, మిర్చి, పత్తి వ్యాపారాల్లో దెబ్బతిని, చుట్టుపక్కల అందరి దగ్గరా తెచ్చిన అప్పులు తీర్చలేక కోర్టులో దివాలా పిటిషన్ వేసిన వ్యక్తిని ఊరంతా మోసగాడనే అంటుంది. చట్టం మాత్రం దివాలా తీసే హక్కును గుర్తించింది. వ్యాపారం చితికిపోవడం నేరం కాదు. కానీ పిటిషన్ వేయడానికి వారం ముందు, తాను మునిగిపోయానని పూర్తిగా తెలిసీ, వచ్చే సీజనుకు సరుకు కొంటానని చెప్పి పక్కింటి ముసలావిడ దగ్గర ఐదు లక్షలు తెచ్చుకున్నాడా? ఆ ఐదు లక్షల విషయంలో అతడు నిజాయితీగా నష్టపోయిన వ్యాపారి కాడు. మూడేళ్ల కిందట నిజాయితీగా తెచ్చిన అప్పులు సివిల్ బాకీలుగానే ఉంటాయి, చివరి వారం తెచ్చింది మాత్రం నేరం కావచ్చు.

ఇక్కడే చాలామంది, కొన్నిసార్లు కింది కోర్టులు కూడా, తడబడే చోటు ఉందని నాకనిపిస్తుంది. ఆరంభంలో దురుద్దేశం ఉండాలి అన్న మాటను ఇద్దరి మధ్య పరిచయం మొదలైన నాటికో, తొలి ఒప్పందం రాసుకున్న నాటికో ముడిపెట్టేస్తారు. సెక్షన్ మాటలను జాగ్రత్తగా చదివితే ఆ ఆరంభం ప్రతి పురికొల్పుకూ విడివిడిగా ఉంటుంది. ఊళ్లో చీటీలు నడిపే వ్యక్తి పద్నాలుగు నెలలు పద్ధతిగా పాటలు నిర్వహించి, పాడినవారికి డబ్బు ఇచ్చి ఉండవచ్చు. పదిహేనో నెలకు తన దగ్గర డబ్బు లేదని, ఎగ్గొట్టడం తప్పదని నిశ్చయించుకుని, ఎప్పటిలాగే ఇంటింటికీ తిరిగి వాయిదాలు వసూలు చేసుకుని రాత్రికి రాత్రి ఊరు విడిచిపోతే, తొలి పద్నాలుగు నెలల నిజాయితీ పదిహేనో నెల వసూళ్లను కాపాడలేదు. అంతకు ముందు వాయిదాల లెక్క మాత్రం వేరుగా చూడాలి. రిజిస్టర్ కాని చీటీ నడపడం 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద ఎలాగూ వేరే నేరం, దానికి ఉద్దేశంతో పని లేదు.

మనసులోని ఉద్దేశాన్ని ఎవరూ కళ్లతో చూడలేరు కాబట్టి దాన్ని పరిస్థితుల నుంచే రాబట్టాలి. డబ్బు తీసుకున్న రోజున చెప్పిన మాట నిజం కావడానికి అసలు ఏదైనా అవకాశం ఉందా అన్నది మొదట చూడవలసినది. గల్ఫ్ వీసా పేరుతో జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల యువకుల నుంచి లక్షలు వసూలు చేసిన ఏజెంటును తీసుకోండి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపేవారికి రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండానే ఉందని చెప్పాడా, ఏ కంపెనీ పేరు చెప్పాడో ఆ కంపెనీ నుంచి అతడికి ఇంతమంది ఉద్యోగులు కావాలని కోరే డిమాండు లేఖ ఒక్కటైనా వచ్చిందా, వీసా అని చూపిన కాగితం నకిలీదా, విజిట్ వీసాను ఉద్యోగ వీసా అని నమ్మించాడా, వచ్చిన డబ్బు టికెట్లకు పోయిందా లేక అదే రోజు సొంత అప్పులకు పోయిందా అన్న ప్రశ్నలకు జవాబులు దొరికితే ఉద్దేశం దానంతటదే బయటపడుతుంది. ఒకే ఖాళీకి ముప్పైమంది దగ్గర డబ్బు తీసుకుని ఉంటే ఇంకా స్పష్టం. ఒకే తీరు పదే పదే జరగడం యాదృచ్ఛికం కాదనే సూత్రం 2024 జులై దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్యాల చట్టంలోనే ఉంది. వరసగా నివసించిన ప్రతి ఇంటినీ బీమా చేయించి, ప్రతి ఇల్లూ కాలిపోయి, ప్రతిసారీ వేరే కంపెనీ నుంచి పరిహారం పుచ్చుకున్న మనిషి ఉదాహరణ అందులో కనిపిస్తుంది. దీనికి భిన్నంగా నలభైమందిని నిజంగా పంపించి, అక్కడి కంపెనీ మూతపడడంతో చివరి ఐదుగురిని పంపలేకపోయిన రిజిస్టర్డ్ ఏజెంటు డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే, కానీ అతడిని మోసగాడు అనడానికి ఇంకా ఏదో కావాలి.

మౌనం సంగతి మరింత సున్నితమైనది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం కేవలం నోరు మెదపకపోవడం మోసం కాదు. జబ్బుగుర్రాన్ని వేలంలో అమ్ముతూ దాని జబ్బు గురించి ఏమీ చెప్పనివాడు మోసగాడు కాడని, కొనేది అప్పుడే మేజరైన అతడి కూతురే అయితే ఆ బంధం వల్ల చెప్పాల్సిన బాధ్యత పుడుతుందని అక్కడి ఉదాహరణలు చెబుతాయి. శిక్షాస్మృతి మాత్రం దురుద్దేశంతో వాస్తవాలను దాచిపెట్టడం కూడా వంచనే అని వివరణ ఇచ్చింది. ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపించినా, దాచినదాని స్వభావం చూస్తే చిక్కు కొంత విడుతుంది. పొలంలో బోరు నీళ్లు ఎండాకాలంలో తగ్గుతాయని చెప్పకపోవడం ఒక రకం మౌనం, కొనేవాడు విచారించుకుంటే తెలిసే విషయం. ఆ పొలాన్ని ఇదివరకే వేరొకరికి అమ్మేశానని చెప్పకపోవడం వేరే రకం, ఎందుకంటే అమ్ముతానని కూర్చోవడంలోనే అమ్మే హక్కు నాకుంది అన్న మాట ఇమిడి ఉంది. ఒకసారి అమ్మిన ఆస్తిని ఆ సంగతి చెప్పకుండా రెండోసారి అమ్మడం, తాకట్టు పెట్టడం మోసమేనని 1860 నాటి ఉదాహరణల్లో ఒకటి సూటిగా చెబుతుంది. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే ధ్రువపత్రం (ఈసీ) తీసి చూసుకుంటే తెలిసేది కదా అని నిందితుడు తప్పించుకోవడానికి క్రిమినల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. నమ్మినవాడి అజాగ్రత్త నమ్మించినవాడి నేరాన్ని చెరిపేయదు.

గొప్పలు చెప్పడం, అభిప్రాయం చెప్పడం మళ్లీ వేరు. ఈ ప్రాంతం ఐదేళ్లలో బంగారమవుతుంది అన్న ప్లాట్ల ఏజెంటు మాటను ఏ కోర్టూ నేరంగా చూడదు. లేఅవుట్‌కు అనుమతి వచ్చేసింది అన్న మాట అభిప్రాయం కాదు, అది నిజమో అబద్ధమో తేలిపోయే వాస్తవం. హైదరాబాద్ చుట్టూ కొన్నేళ్లుగా సాగిన ప్రీలాంచ్ అమ్మకాలను, అంటే అనుమతులు రాకముందే జరిపే అమ్మకాలను, ఈ కోణంలో చూడాలి. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటించడానికి గానీ అమ్మడానికి గానీ వీల్లేదు, అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోవడానికీ వీల్లేదు. ఈ నిబంధనలను ఉల్లంఘించినవారంతా మోసగాళ్లని అనలేం, వారికి రెరా జరిమానాలున్నాయి. కానీ తనది కాని భూమి బ్రోషరు మీద వేసి, అనుమతికి దరఖాస్తు కూడా చేయకుండా అనుమతి వచ్చిందని చెప్పి, వంద శాతం డబ్బు ముందే కడితే సగం ధరకే ఫ్లాటు ఇస్తామని వసూలు చేసినప్పుడు, కట్టాలనే ఉద్దేశం ఎప్పుడైనా ఉందా అన్న సందేహం బలంగా నిలబడుతుంది. డబ్బు కట్టినవారి దురాశ గురించి ఉపన్యాసాలిచ్చేవారు ఈ తేడాను గమనించాలి.

మోసపోయింది ఎవరు అన్న ప్రశ్నకు కూడా చట్టం కచ్చితమైన జవాబు అడుగుతుంది. మీ స్థలాన్ని వేరెవరో తనదని చెప్పి మూడో వ్యక్తికి రిజిస్టర్ చేశారనుకోండి. మీరు మోసం కేసు పెట్టాలనుకుంటారు. 2009లో బిహార్‌కు చెందిన ఇలాంటి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన సమాధానం మొదట విన్నప్పుడు మింగుడుపడదు. ఆ అబద్ధాన్ని నమ్మి డబ్బిచ్చింది కొనుగోలుదారు, కాబట్టి మోసపోయానని చెప్పగలిగింది అతడే. అసలు యజమానితో ఎవరూ ఏ అబద్ధమూ చెప్పలేదు, అతడు నమ్మి ఇచ్చిందీ లేదు. అంతేకాదు, అమ్మినవాడు సొంత పేరుతో, సొంత సంతకంతో పత్రం రాశాడు కాబట్టి అది ఫోర్జరీ కూడా కాదు, ఆస్తి తనదని చెప్పుకోవడమే అందులోని అబద్ధం. అతడు మీ పేరు పెట్టుకుని, నేనే ఫలానా అని సబ్‌రిజిస్ట్రార్ ముందు కూర్చుని సంతకం చేసి ఉంటే అది నకిలీ పత్రమే అవుతుంది, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కిందా నేరమవుతుంది. మొదటి పరిస్థితిలో అసలు యజమానికి మిగిలేది ఆ పత్రం తనను కట్టిపడేయదని సివిల్ కోర్టులో తేల్చుకోవడం, భూమిలోకి దౌర్జన్యంగా దిగితే దానికి వేరే ఫిర్యాదు ఇవ్వడం.

ఫిర్యాదుల్లో మోసం పక్కనే అలవాటుగా రాసేసే మరో నేరం విశ్వాసఘాతుకం, అంటే నమ్మి అప్పగించిన ఆస్తిని కాజేయడం. రెండింటి వరుస తలకిందులుగా ఉంటుంది. మోసంలో ఆస్తి చేతికి రాకముందే దురుద్దేశం ఉంటుంది. విశ్వాసఘాతుకంలో ఆస్తి సక్రమంగా చేతికొస్తుంది, దురుద్దేశం తర్వాత పుడుతుంది. అందుకే ఒకే వాస్తవాల మీద రెండూ కలిసి నిలబడలేవని 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గుర్రాల దాణా సరఫరా చేసిన వ్యాపారికి బిల్లులు చెల్లించలేదన్నది అక్కడి గొడవ. అమ్మిన సరుకు కొన్నవాడి సొత్తు అయిపోతుంది కాబట్టి అక్కడ అప్పగింత అన్నదే లేదు, మిగిలింది బాకీ మాత్రమే. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఈ తేడా కోర్టులకు అర్థం కాకపోవడం విచారకరమని ఆ తీర్పులో న్యాయమూర్తులు బాధపడ్డారు.

చెక్కు చెల్లకపోవడాన్ని చాలామంది మోసంతో కలిపేస్తారు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది స్వతంత్రమైన నేరం. బ్యాంకు నుంచి సమాచారం అందిన ముప్పై రోజుల్లోగా నోటీసు ఇచ్చి, పదిహేను రోజుల గడువు దాటాక నెలలోగా ఫిర్యాదు చేస్తే, చెక్కు ఇచ్చినవాడి తొలి ఉద్దేశాన్ని నిరూపించాల్సిన పని లేదు. మోసం కింద నిలబడాలంటే మాత్రం ఎప్పుడో మూసేసిన ఖాతా చెక్కు ఇచ్చి సరుకు పట్టుకెళ్లడం లాంటిది ఉండాలి.

ఇంత వివరమైన గీత ఉన్నా ఆచరణలో అది చెరిగిపోవడానికి కారణాలు ఊహించలేనివి కావు. మోసంతో ఆస్తి రాబట్టుకోవడం కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ నేరం, అంటే వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా రాదు. సివిల్ దావా తెమలడానికి ఏళ్లూ పూళ్లూ పడతాయి, పైగా వసూలు చేయాల్సిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. పోలీసు కేసుకు ఫీజు లేదు, స్టేషనుకు రమ్మని ఒక్క ఫోను వస్తే సెటిల్‌మెంటుకు దిగివచ్చేవారు ఎందరో. సివిల్ వివాదాలకు క్రిమినల్ రంగు పులిమి ఒత్తిడి తెచ్చే ధోరణి వ్యాపార వర్గాల్లో పెరిగిపోతోందని, దాన్ని నిరుత్సాహపరచాలని 2006లోనే ఇండియన్ ఆయిల్ కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది. వాణిజ్య వివాదాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపవచ్చని 2013లో, ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అవసరం లేకుండా అరెస్టు చేయకూడదని 2014లో చెప్పింది.

ఈ హెచ్చరికలను అడ్డం పెట్టుకుని నిజమైన బాధితులను తిప్పిపంపడం కూడా అంతే అన్యాయం. డబుల్ రిజిస్ట్రేషన్‌లో జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్న రిటైర్డ్ ఉద్యోగికి ‘ఇది సివిల్ మేటర్, కోర్టుకు వెళ్లండి’ అన్న మాట ఎన్ని స్టేషన్లలో ఎదురవుతుందో ఆ పరిస్థితిలో ఉన్నవారందరికీ తెలుసు. ఒప్పందం ఉన్నంత మాత్రాన, సివిల్ దావా వేసే అవకాశం ఉన్నంత మాత్రాన క్రిమినల్ కేసు చెల్లదని చట్టం ఎప్పుడూ చెప్పలేదు. ఒకే వాస్తవాలు రెండు బాధ్యతలనూ పుట్టించగలవని 2006 తీర్పులోనే ఉంది. బాకీని నేరంగా మార్చే స్టేషనూ, నేరాన్ని బాకీగా చూసే స్టేషనూ చేస్తున్న తప్పు ఒకటే. డబ్బు ఇచ్చిన రోజున చెప్పినదేమిటి, ఆ రోజుకు తెలిసినదేమిటి అన్నది అవి రెండూ అడగడం లేదు.

అందువల్ల ఫిర్యాదు రాసేటప్పుడు నష్టం గురించిన ఆవేదన కంటే ఆ రోజు గురించిన వివరం ఎక్కువ పనిచేస్తుంది. ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా మాట చెప్పాడు. ఆ మాట నమ్మి ఈ ఖాతా నుంచి ఇంత పంపాను. ఆ తేదీకే ఆ మాట అబద్ధమని ఈ పత్రం చూపుతుంది అన్న మూడు విషయాలు ఫిర్యాదులో ఉండాలి. రెండో రిజిస్ట్రేషన్‌కు ముందటి ఈసీ, అనుమతి దరఖాస్తే లేదని సమాచార హక్కు కింద వచ్చిన జవాబు, అబద్ధం చెప్పిన రోజు నాటి వాట్సాప్ సందేశాలు ఆ మూడో విషయానికి ఆధారాలు. తర్వాత ఫోను ఎత్తకపోవడం, ఇల్లు మారిపోవడం వాటికి తోడు మాత్రమే.

క్రిమినల్ కేసు మీదే పూర్తి భారం వేసేవారు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఏడేళ్ల శిక్ష పడే మోసానికి ఫిర్యాదు చేయడానికి కాలపరిమితి లేదు, కానీ డబ్బు వసూలు కోసం, అగ్రిమెంటు అమలు కోసం వేసే సివిల్ దావాలకు 1963 నాటి లిమిటేషన్ చట్టం మామూలుగా మూడేళ్లే ఇచ్చింది. మోసాన్ని దాచిపెట్టిన సందర్భాల్లో ఆ మూడేళ్లు మోసం తెలిసిన నాటి నుంచి, లేదా తగిన జాగ్రత్తతో తెలుసుకోగలిగిన నాటి నుంచి లెక్కకు వస్తాయి. స్టేషను చుట్టూ తిరుగుతున్నంత మాత్రాన ఆ గడియారం ఆగదు. శిక్ష పడినంత మాత్రాన పోయిన డబ్బు చేతికి వస్తుందన్న హామీ కూడా లేదు కనుక, ఎఫ్‌ఐఆర్ నమోదైన తర్వాత కూడా ఆ మూడేళ్లు నిండకముందే సివిల్ దావా వేసి ఉంచుకోవాలి, నిందితుడి పేరున ఉన్న ఆస్తులను తీర్పుకు ముందే జప్తు చేయమని ఆ దావాలోనే కోరవచ్చు.